పురీతా ఎవరికి సైగ చేసింది?

మా గ్యారేజీలోని రెండో ఫ్రిజ్‌లో పందిపిల్ల కనబడగానే అది నా పుట్టినరోజు కోసమే వచ్చిందనుకున్నాను. ఎనభయ్యో ఏట అడుగు పెట్టబోయే మనిషికి ఆ మాత్రం ఆశ ఉండదా? చేపల సంచుల వెనక, దళసరి ప్లాస్టిక్ కవరులో, కళ్ళు మూసుకుని బుద్ధిగా పడుకుని ఉంది. పొడవు జానెడున్నర. లెచోన్ చేసి, అంటే కడ్డీకి గుచ్చి నిప్పుల మీద తిప్పితే పదిమందికి రాకపోయినా నా ఒక్కడికీ చాలు. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఈ కబురు నలుగురికీ చెప్పాను. చెబుతున్నకొద్దీ పందిపిల్ల పెరిగింది. ఆఖరి మెట్టు దిగేసరికి దాన్ని మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

దాన్ని తెచ్చింది పురీతా. పురీతా డుమ్లావ్ నా స్నేహితుడి కూతురు. ఆమెకు జ్ఞానస్నానం చేయించిన రోజున చేతుల్లో పట్టుకున్నవాణ్ణి నేనే కాబట్టి నన్ను ‘నీనోంగ్’ అని పిలుస్తుంది. ఇరవయ్యారో ఏట సముద్రం అవతల మా ఊళ్ళో పెట్టె సర్దుకుని ఇక్కడికి, స్టాక్‌టన్‌కు వచ్చింది. అప్పటినుంచి మా వెనక గదిలోనే ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, ఆమె అడిగే ప్రశ్నలకు నిలబడ్డవాళ్ళు లేక. రొట్టె కొన్నా పక్కకు తిప్పి, వెనక్కి తిప్పి, అడుగున నొక్కి చూసే రకం.

నాలుగు వీధుల అవతల మనాంగ్ రెమీ నడిపే వృద్ధుల ఇంట్లో ఆమెకు పని. ఆరుగురు ముసలివాళ్ళకు స్నానం చేయించడం, తినిపించడం, మంచంలో పక్కకు తిప్పడం, కొత్తగా విన్నట్టు వాళ్ళ పాత కథలు వినడం. రెమీ రిటైరైన నర్సు. ముప్పై ఎనిమిదేళ్ళు తెల్ల బూట్లేసుకుని ఆసుపత్రిలో నడిచింది, ఇప్పుడు అదే నడక ఆ ఇంట్లో నడుస్తుంది. మనాంగ్ అంటే మా ఇలోకానో వాళ్ళకు అక్క, మనోంగ్ అంటే అన్న. రెమీ విషయంలో మాత్రం మనాంగ్ అనే మాటకు పై అధికారి అని అర్థం.

జనవరి నుంచీ పురీతా మీద నాకు అనుమానంగా ఉంది. పని నుంచి రావడం, గది తలుపు వేసుకోవడం, కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరితోనో గొణగడం. ఒకరోజు తలుపుకు చెవి ఆనించాను. లాటిన్! చిన్నప్పుడు మఠం బడిలో సిస్టర్లు బెత్తంతో నేర్పిన భాష, నేను పొరబడే ప్రసక్తే లేదు. నలభై దాటిన ఆడది తలుపు మూసుకుని లాటిన్‌లో మాట్లాడుతోందంటే అవతలివాడు ఎవరై ఉండాలి? మా చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్ వైపు ఆరు వారాలపాటు అదోలా చూశాను. పాపం, ఆయన నేను పాపసంకీర్తనం చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాననుకుని రెండుసార్లు భుజం తట్టాడు.

మంగళవారం రెమీ వచ్చింది. వస్తూనే గ్యారేజీ వైపు నడిచింది.

“ఏదీ మనోంగ్ టీనో, ఊరంతా చెప్పుకుంటున్న ఆ పంది? ఎద్దంత ఉందటగా?”

నేను మూతి సాచి ఫ్రిజ్ వైపు చూపించాను. తలుపు తీసింది. కవరు ఎత్తింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమె మొహం మారిపోయింది.

“దీన్ని కాల్చుకుని తిందామనుకున్నావా?”

“నిమ్మగడ్డి కూడా కోసి పెట్టా.”

“తినుంటే నీ పుట్టినరోజూ నీ దినమూ ఒకేరోజు వచ్చేవి. ఇది మందులో ఊరబెట్టిన పంది. తినే పంది కాదు మనోంగ్, చదువుకునే పంది!” కవరు వెనకనున్న చీటీ చదివి నా వైపు తిరిగింది. “ఈ ఇంట్లో ఎవరు చదువుతున్నారు?”

అప్పుడే పురీతా పని నుంచి వచ్చింది. మా ఇద్దర్నీ, రెమీ చేతిలోని పందినీ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నేనే, మనాంగ్. అనాటమీ. ఆన్‌లైన్‌లో.”

సంగతి ఇది. నేను విన్న లాటిన్ ఒంట్లోని భాగాల పేర్లు. నర్సింగ్ కోర్సులో చేరాలంటే ముందు కొన్ని సైన్సు సబ్జెక్టులు పూర్తిచేయాలి. శరీరంలో ఏది ఎక్కడుందో ఒకటి, అది ఎలా పనిచేస్తుందో ఇంకొకటి, సూక్ష్మజీవులు మరొకటి. అన్నిట్లో మంచి గ్రేడులు తెచ్చుకుంటేనే దరఖాస్తు చూస్తారు. ఊరి చివర ప్రభుత్వ కాలేజీలో ఈ క్లాసులు పగటిపూట జరుగుతాయి. పగలు పురీతా రెమీ దగ్గర ఉండాలి. అదే కాలేజీ ఆన్‌లైన్‌లోనూ చెబుతుంది. ల్యాబ్ సామానంతా అట్టపెట్టెలో ఇంటికే పంపుతారు: కత్తి, శ్రావణం, గ్లవ్స్, పందిపిల్ల.

“నాకెందుకు చెప్పలేదు?” అని అడిగింది రెమీ.

“చెబితే ఏమంటారో తెలుసు కాబట్టి.”

“ఏమంటాను?”

“ఇప్పుడు అనబోయేదే.”

రెమీ అననే అంది. “నేను మన దేశంలో, బాగ్యోలో నర్సింగ్ చదివినప్పుడు నిజమైన శవం. ఆ వాసన నెల్లాళ్ళు జుట్టు వదల్లేదు, అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే వాసన. పక్కన ప్రొఫెసరు. చెయ్యి తప్పు చోటికి పోతే స్కేలుతో ఒక్కటిచ్చేవాడు. అలా నేర్చుకున్నాం. నువ్వేమో వంటింట్లో అన్నం కుక్కర్ పక్కన కోసుకుంటూ నేర్చుకుంటావా? రేపు నాకు గుండెనొప్పి వస్తే నా ఒంటి మీద చెయ్యి వేసేది కంప్యూటర్లో పాసైన పిల్లా?”

“మీకు గుండెనొప్పి రాదు మనాంగ్. అది ఇచ్చేవాళ్ళు మీరు.”

నేను నవ్వాను. రెమీ నవ్వలేదు. “అసలు పరీక్ష నువ్వే రాస్తున్నావని ఎవరికి తెలుసు? ఆన్‌లైన్‌లో ఎవరికెవరో రాసిపెడతారట. చర్చిలో అందరూ అనుకుంటున్నారు.”

చర్చిలో ఎవరూ అలా అనుకోవడం లేదు. కానీ మర్నాటినుంచి అనుకోవడం మొదలుపెట్టారు.

రెమీ మీద నా అనుమానం నాకుంది. పురీతా లాంటి మనిషి ఆమెకు మళ్ళీ దొరకదు. పురీతా నర్సయితే ఆ ఆరుగురు ముసలివాళ్ళనూ పక్కకు తిప్పేదెవరు? అందుకే భయపెడుతోందని పురీతాతో అన్నాను. పురీతా రొట్టెను చూసినట్టు ఆ మాటనూ అన్ని వైపులా తిప్పి చూసి, “కావచ్చు. కానీ ఆవిడ అడిగింది తప్పేం కాదు నీనోంగ్. నాకూ అదే భయం. ఇక్కడ నేను ఏది తప్పు కోసినా చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళు లేరు. వీడియో ఆపి మళ్ళీ చూసుకోవాలి. ఎన్నిసార్లు అడిగినా అది విసుక్కోదు, నిజమే. కానీ నా చెయ్యి కూడా అది చూడదు” అంది.

ఇంతకీ ఎందుకీ నర్సు చదువు? కిందటేడు ఆ వృద్ధుల ఇంట్లో ఒక పెద్దాయనకు మధ్యాహ్నం నుంచీ ఊపిరి సరిగా లేదు. పురీతా గమనించి డాక్టరు ఆఫీసుకు ఫోన్లు చేసింది. “నువ్వు నర్సువా?” అని అవతల ఎవరో అడిగారు. “కాదు” అంది. అయితే నర్సును పిలవమన్నారు. రెమీ వచ్చేలోగా పెద్దాయన పోయాడు. ఆయన ఎలాగూ పోయేవాడే అని రెమీ అంది, డాక్టరూ అన్నాడు. పురీతా వాళ్ళ మాట కాదనలేదు. ‘కాదు’ అని మరోసారి చెప్పకూడదని మాత్రం అనుకుంది.

ఏప్రిల్లో ల్యాబ్ పరీక్ష వచ్చింది. ఇంట్లోనే, కెమెరా ముందు. పంది పొట్ట తెరిచి పెట్టుకుని, ప్రశ్నలు వచ్చినకొద్దీ ఆయా భాగాలు చూపించి పేర్లు చెప్పాలి. అంతా రికార్డవుతుంది. మొదట కెమెరా పట్టుకుని వంటగది నాలుగు మూలలూ చూపించమన్నారు. బల్ల కింద చూపించమన్నారు. చెవులు చూపించమన్నారు. మా బడిలో సిస్టర్ అపోలోనియాకు తలగుడ్డ వెనక రెండు కళ్ళు ఉండేవి, వాటితో పక్క గదిలోని పిల్లల్ని కూడా చూసేది. ఆవిడ కూడా ఏనాడూ చెవులు చూపించమనలేదు. ఫ్రిజ్ మీద ఉన్న బాలయేసు బొమ్మను కూడా పురీతా గుడ్డతో కప్పేసింది, ఎవరో ఉన్నారనుకుంటారేమోనని. నన్ను గ్యారేజీలోకి తోసి తలుపేసింది.

“దగ్గు వస్తే?” అన్నాను.

“మింగండి.”

మింగాను. పరీక్ష అయ్యాక బయటికి వచ్చిన పురీతా మొహంలో అంత వెలుగు నేను చాలా ఏళ్ళుగా చూడలేదు. ఆ సాయంత్రం ఇంట్లో శుభకార్యమైనట్టు నూడుల్స్ వండింది.

వారం తిరక్కుండా కాలేజీనుంచి కబురొచ్చింది. పరీక్షలో ఆమెకు ఇంకొకరి సాయం అందిందని అనుమానం. పరీక్షను కనిపెట్టుకుని ఉండే మిషను పదేపదే గంట కొట్టిందట. విద్యార్థిని నోటితోనూ కనుబొమ్మలతోనూ గదిలో కనబడని మనిషికి సైగలు చేసింది, ఆ తర్వాతే జవాబులు చెప్పింది అని అభియోగం. రుజువైతే అనాటమీ తప్పినట్టే. అంతకన్నా పెద్ద దెబ్బ, మోసం చేసిందన్న మాట ఆమె రికార్డులో ఉండిపోతుంది. ఆ మాట ఉన్నవాళ్ళను ఏ నర్సింగ్ కాలేజీ గుమ్మం తొక్కనివ్వదు.

వీడియో కూడా పంపారు, చూసుకొమ్మని. ముగ్గురం చూశాం. అవును, ముగ్గురం. ఎవరు చెప్పారో ఏమో, రెమీ అప్పటికే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

తెర మీద పురీతా. గ్లవ్స్ తొడిగిన రెండు చేతులూ పంది పొట్టలో ఉన్నాయి. ఒకదానితో పేగులు పక్కకు పట్టుకుంది, రెండోదానితో కాలేయం పైకి ఎత్తింది. పిత్తాశయం ఎక్కడని ప్రశ్న. ఆమె మూతి సాచి అక్కడని చూపించింది. కనుబొమ్మలు ఎగరేసింది. పేరు చెప్పింది. తర్వాత ప్లీహం. మూతి ఎడమకు సాగింది, పేరు చెప్పింది.

“ఇందులో ఏముంది?” అన్నాను.

“ఏమీ లేదు. మళ్ళీ వెయ్యి” అంది రెమీ.

మళ్ళీ వేశాం. అందులో ఏమీ లేదు. సైగలెక్కడ? మనిషెక్కడ? చేతులు ఖాళీ లేనివాళ్ళు ఇంక దేంతో చూపిస్తారు? మా ఇళ్ళలో ఉప్పు ఎక్కడుందన్నా, బస్సు ఎటు పోయిందన్నా, ఎవడి కూతురు ఎవడితో లేచిపోయిందన్నా మూతే చూపిస్తుంది. చెయ్యి వాడితే అమర్యాద కూడాను. అందుకని మా ముగ్గురిలో ఒక్కరికీ అది కంటికి ఆనలేదు. లేని సైగల కోసం వెతికీ వెతికీ, లేని మనిషిని పట్టుకునే పనిలో పడ్డాం.

“నిజం చెప్పు మనోంగ్, గ్యారేజీలోంచి ఏమైనా అరిచావా?” అని రెమీ నన్ను నిలదీసింది.

“నాకు ప్లీహం ఎక్కడుంటుందో తెలిస్తే ఈ వయసులో గ్యారేజీలో ఎందుకుంటాను?”

“మరి ఎవరు?”

“నువ్వే ఉత్తరం రాశావేమో కాలేజీకి! దీన్ని నీ దగ్గరే కట్టేసుకోవాలని.”

రెమీ కుర్చీలోంచి లేచింది. “నేను మొహం మీదే అంటాను, వెనక రాయను. అది నీ అలవాటు.”

పురీతా మా ఇద్దర్నీ పట్టించుకోకుండా వీడియో మళ్ళీ వెనక్కి తిప్పుకుంటోంది. “ఇందులో నాకు కనబడనిదేదో వాళ్ళకు కనబడుతోంది” అంది మెల్లగా. “తలుపు వెనక నిజంగా ఎవరైనా ఉన్నారా నీనోంగ్?” ఆ ప్రశ్న అడుగుతూ నా వైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. నామీద ఆమెకు అనుమానం రావడం అదే మొదలు. మిషను చేసిన పనికి నా ఇంట్లో నేనే దొంగలా తిరగాల్సి వచ్చింది.

కాలేజీ వాళ్ళు ఒక దారి చూపించారు. శనివారం వచ్చి ప్రొఫెసర్ ఎదుట అదే పరీక్ష మళ్ళీ చేయాలి. ఆ ప్రొఫెసర్ ఏం రాస్తే అదే తీర్పు. ప్రొఫెసర్ పేరు డెలానీ. ఆ కాలేజీలో ఎదురుగా చెప్పే క్లాసులూ ఆవిడవే, ఆన్‌లైన్ క్లాసులూ ఆవిడవే.

కారు నేను తోలాను. రెమీ వెనక సీట్లో, చేతి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “నువ్వెందుకు?” అని అడిగాను. “చూడ్డానికి. ముప్పై ఎనిమిదేళ్ళు చేతుల్ని చూశాను. దీనికి వచ్చో రాదో అరక్షణంలో తెలిసిపోతుంది” అంది. రాకపోతే సంతోషించడానికే వస్తోందని నేను అనుకున్నాను.

ప్రొఫెసర్ డెలానీ సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు తాడుకు కట్టుకుని ఉంది. మా ముగ్గుర్నీ ఒకరి తర్వాత ఒకర్ని తేరిపార చూసింది. “మీరిద్దరూ బయట” అంది. ల్యాబ్ తలుపుకు నిలువునా అద్దం ఉంది. మేం నడవలో నిలబడ్డాం. తలుపు పూర్తిగా పడలేదు కాబట్టి మాటలూ వినబడుతున్నాయి.

లోపల వాసన తలుపు సందులోంచి వచ్చి తగిలింది. రెమీ దీర్ఘంగా పీల్చింది. “బాగ్యో” అంది, అదేదో పూలతోట అయినట్టు.

పురీతా ముందు ట్రేలో ఒక పంది. ఇంట్లోదానికన్నా పెద్దది. ఆమె దాన్ని చూసి క్షణం తడబడింది. తర్వాత గ్లవ్స్ వేసుకుంది, రెండు చేతులూ లోపల పెట్టింది.

“గుండెలోంచి బయటికి వచ్చే పెద్ద ధమని” అంది ప్రొఫెసర్.

పురీతా కుడి చేత్తో ఊపిరితిత్తిని ఎత్తి పట్టుకుంది, ఎడమ చేత్తో గుండెను వంచింది, మూతి సాచింది, కనుబొమ్మలు ఎగరేసింది. “మహాధమని.”

ప్రొఫెసర్ తల గిర్రున తిరిగింది. పురీతా మూతి ఎటు సాగిందో సరిగ్గా అటు, ట్రేనూ దాటి, బల్లనూ దాటి, తలుపు అద్దం మీదికి. అద్దంలో రెమీ. సరిగ్గా అదే క్షణంలో రెమీ రెండు కనుబొమ్మలూ జుట్టులో కలిసేంతగా పైకి లేచాయి.

నడవలోకి వచ్చిన ప్రొఫెసర్ గొంతు మంచులా ఉంది. “లోపలికి రండి. ఇద్దరూ.”

వెళ్ళాం.

“మీరు ఆమెకు ఏం చెప్పారు?”

“నేనా? నేను నోరు తెరవలేదమ్మా” అంది రెమీ.

“కనుబొమ్మలు ఎగరేశారు.”

“ఎగరేస్తే?”

“అంటే ఏమిటి?”

“ఏముంది, ‘అవును’ అని.”

“అంటే జవాబు సరైందని చెప్పారన్నమాట!”

ముప్పై ఎనిమిదేళ్ళు తెల్ల బూట్లలో నడిచిన మనిషి. ఒక్క మందు తప్పివ్వని మనిషి. రెమీ మొహం ఎర్రబడి, నల్లబడి, మళ్ళీ మామూలైంది. “నేను చెప్పింది దీనికి కాదు. ఈయనకి” అని నన్ను చూపించింది, దేంతో చూపించిందో చెప్పక్కర్లేదు. “బాత్రూంకి వెళ్ళొస్తానన్నాడు. సరే అన్నాను. ముసలాళ్ళకి ఆగదు కదా.”

నేను ఆమెను ఏమీ అడగలేదు. బాత్రూం ఊసే ఎత్తలేదు. రెమీ కనుబొమ్మలు నాకోసం లేవలేదు. పురీతా సరిగ్గా చెప్పిందనే లేచాయి, ఆపుకోలేక. ఆ సంగతి అర్థమయ్యాక కారులో అనుకున్నదానికి నాకు సిగ్గేసింది. కాబట్టి ఆగనివాడిలా మొహం పెట్టి నిలబడ్డాను.

ప్రొఫెసర్ నా వైపు అనుమానంగా చూసింది. “బాత్రూం ఎక్కడుందో మీకు తెలుసా?”

నేను చూపించాను. సంచీ రెండు చేతులా పట్టుకున్న రెమీ చూపించింది. పందిలో చేతులు ఉంచుకునే పురీతా చూపించింది. మూడు మూతులూ తలుపు బయట, నడవ ఎడమ చివరికే సాగాయి.

ప్రొఫెసర్ మమ్మల్ని వరసగా చూసింది. తలుపు దాకా వెళ్ళి నడవలోకి తొంగి చూసింది. బాత్రూం అక్కడే ఉంది. తిరిగి వచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“మీరంతా... ఇంట్లో కూడా ఇలాగే...?”

“ఎలాగే?” అంది పురీతా. నిజంగానే ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడు ప్రొఫెసర్ తన మూతి ముందుకు సాచి ట్రే వైపు చూపించింది. అలవాటు లేని పని కదా, గుర్రం గడ్డి అందుకుంటున్నట్టు ఉంది. మేం ముగ్గురం ఒకేసారి ట్రే వైపు చూశాం. ఆవిడ మూతి కూడా చూడాల్సిన వస్తువని మాకు తోచనే లేదు. ఆ తర్వాత పురీతా నోరు తెరుచుకుంది. “అయ్యో దేవుడా” అంది. “వీడియోలో...”

“వీడియోలో.”

కానీ డెలానీ అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. అదే నాకు ఆవిడలో నచ్చింది. మమ్మల్ని తన వెనక, పక్క గోడ దగ్గర కూర్చోబెట్టింది. పురీతాను ట్రేతో సహా కిటికీ లేని ఖాళీ గోడవైపు తిప్పి నిలబెట్టింది. తను పక్కన నిలబడి ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ఎదురుగా సున్నం తప్ప ఏమీ లేదు. అయినా ప్రతి ప్రశ్నకూ పురీతా మూతి పంది పొట్టలోకి సాగుతూనే ఉంది, కనుబొమ్మలు ఎగురుతూనే ఉన్నాయి. ప్లీహం. క్లోమం. మూత్రాశయం. చిన్న పేగులు మొదలయ్యే చోటు. నా పక్కన రెమీ ఊపిరి బిగబట్టి కూర్చుంది, ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని.

“కుడి కిడ్నీ.”

పురీతా ఎడమది చూపించింది.

రెమీ కళ్ళు తెరవకుండానే నా చెయ్యి నొక్కింది. మూతి చూడకుండా ఆమెకెలా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

“మరోసారి” అంది ప్రొఫెసర్.

పురీతా మళ్ళీ ఎడమదే చూపించింది. ప్రొఫెసర్ ఆమె మణికట్టు పట్టుకుని ట్రేలోని జంతువు వైపు తిప్పింది. “ఇది మీకు కుడి. పడుకున్న ప్రాణికి కాదు. దాని కుడి ఎటు?”

పురీతా మూతి పంది కుడివైపుకు మళ్ళింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. “ఇంట్లో నేను కంప్యూటర్ తెర చూసుకుంటూ నేర్చుకున్నాను మేడమ్. తెరలో నన్ను నేను అద్దంలోలా చూసుకుంటాను. అందులో అన్నీ అటూ ఇటూ అవుతాయి. సరిగ్గానే చూపిస్తున్నాననుకున్నాను.”

“వంటగదిలో మీ చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.”

“లేదు.”

“ఎవరైనా సాయం చేసి ఉంటే ఈ తప్పు చేసేవారు కాదు” అంది ప్రొఫెసర్. ఆవిడ గొంతులో మంచు కొంచెం కరిగింది, కొంచెమే. “అభియోగం కొట్టేస్తున్నాను. కానీ కుడి ఎడమలు తప్పిన నర్సుకు మొదటి గ్రేడు ఇవ్వలేను. రెండోది.”

ఆ గ్రేడుతో దరఖాస్తు చూస్తారు. గొప్పగా కాదు, కానీ చూస్తారు. పురీతా గ్లవ్స్ తీసి చెత్తడబ్బాలో వేసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ప్రొఫెసర్ వైపు తిరిగి ఇంకా బేరం ఉన్నట్టు నిలబడింది.

“వచ్చే టర్మ్‌లో ఫిజియాలజీ తీసుకోవాలి మేడమ్. ఇక్కడా చెబుతారు, ఆన్‌లైన్‌లోనూ చెబుతారు. ఒకటి అడగాలి. మీరు ఎక్కువ అనుమానిస్తారా, ఆ మిషనా?”

డెలానీ మొదటిసారి నవ్వింది. “నేనే.”

“అయితే మీ దగ్గరే చేరతాను.”

“ఎందుకు?”

“నేను చూపించినప్పుడు మీరు అటు తిరిగి చూశారు. మిషను నా మూతి దగ్గరే ఆగిపోయింది.”

కారులోకి వచ్చి కూర్చున్నాం. తాళం తిప్పాను. వెనక సీట్లోంచి రెమీ గొంతు వినబడింది.

“ఎప్పుడెప్పుడు ఆ క్లాసు?”

“మంగళ, గురువారాలు. పొద్దుట. నా షిఫ్టులోనే, మనాంగ్” అంది పురీతా.

రెమీ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. బజారు దాటాం, వంతెన దాటాం. ఆమె లెక్కలు వేసుకుంటోందని నాకు తెలుసు. ఆరుగురు ముసలివాళ్ళు, వాళ్ళ స్నానాలు, వాళ్ళ నడుములు, తన నడుము. ఇప్పుడు కాదంటుందని, కాదనడానికి మంచి కారణమే చెబుతుందని నా అనుమానం.

“మంగళవారం స్నానాలు నేను చేయిస్తాను” అంది చివరికి. “గురువారం సంగతి తర్వాత చూద్దాం.”

పురీతా ముందు సీట్లో నుంచి పూర్తిగా వెనక్కి తిరిగింది. ఆ మాటను ఇటు తిప్పి, అటు తిప్పి, అడుగున నొక్కి చూస్తోంది.

“తర్వాత అంటే కుదరదు మనాంగ్. పేరు నమోదు చేసుకోవాల్సింది సోమవారం. గురువారం కూడా ఇవ్వండి.”

“రెండు రోజులూ నేనే ఎత్తి దించాలా? నా వయసెంతో తెలుసా నీకు?”

“తెలుసు. అందుకే నీనోంగ్ కూడా వస్తారు సాయానికి.”

“నేనా?” అన్నాను.

అద్దంలో రెమీ కళ్ళు నన్ను ఆపాదమస్తకం కొలిచాయి. సంతలో ఎడ్లను కూడా ఎవరూ అలా చూడరు. “ఈయనకి మనిషిని ఎత్తడం వచ్చా?”

“నేర్చుకుంటారు. మీరు పక్కనే ఉంటారుగా” అంది పురీతా.

రెమీ ఒళ్ళోని సంచీ సర్దుకుంది. తర్వాత, “గురువారం ఏడింటికల్లా రా మనోంగ్. ఆలస్యమైతే ఊరుకోను” అంది.